సర్కారు పెంటావాలెంటా, ప్రైవేటు నొప్పిలేని టీకాయా?

కొత్తమ్మ_నల్గొండ: బాబుకి ఆరు వారాలు నిండుతున్నాయి. బుధవారం సబ్‌సెంటర్‌లో పెంటావాలెంట్ (కోరింత దగ్గుతో కలిపి ఐదు జబ్బులకు ఒకే టీకా) వేస్తామని ఏఎన్‌ఎం చెప్పింది. ప్రైవేటు డాక్టరేమో జ్వరం రాని టీకా వేయిద్దాం అంటున్నారు. డబ్బు సంగతి పక్కన పెట్టి చెప్పండి, ఏది మంచిది?

సూక్ష్మదర్శిని: సర్కారుదే వేయించమ్మా. తేడా అంతా కోరింత దగ్గు భాగంలోనే ఉంది. పెంటావాలెంట్‌లో ఆ బాక్టీరియాను చంపి మొత్తంగా కలుపుతారు. దాని పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది. మన రక్షణ కణాల మీదుండే టీఎల్‌ఆర్4 అనే రిసెప్టర్ (సంకేతాన్ని పట్టే ప్రొటీన్) దాన్ని గుర్తుపడుతుంది. (1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం ఇది తేల్చింది, 2011లో ఆయనకు నోబెల్ వచ్చింది.) అలా మేల్కొన్న కణాలు శోషరస గ్రంథికి వెళ్లి టీ కణాలు అనే మరో రకం రక్షణ కణాలకు శత్రువును చూపిస్తాయి. పిల్లాడి తొడ వాచేదీ, రాత్రి ఒళ్లు కాలిపోయేదీ చాలావరకు ఈ మేల్కొలుపు వల్లే. ప్రైవేటు టీకాలోని కోరింత దగ్గు భాగంలో ఆ బాక్టీరియా నుంచి శుద్ధి చేసిన కొన్ని ప్రొటీన్లు, అల్యూమినియం లవణం మాత్రమే ఉంటాయి. జ్వరం తక్కువే, కానీ రక్షణ త్వరగా తరిగిపోతుంది. 2012లో కాలిఫోర్నియా అధ్యయనంలో, ఈ రకం టీకా ఐదో డోసు తర్వాత కోరింత దగ్గు వచ్చే అవకాశం ఏటా సగటున 42 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది.

పాప_నాన్న: జ్వరాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. మా పాప మొదటి డోసు వేయించిన రాత్రి తెల్లవార్లూ ఏడ్చింది, కాలు ముట్టుకోనివ్వలేదు. రెండో డోసుకి మా ఆవిడ రానంటే రానంది. జపాన్‌లో జరిగిందీ ఇదే. 1975లో ఇద్దరు పసిపిల్లలు చనిపోయారని మొత్తం బాక్టీరియాతో చేసిన పాత టీకా ఆపేశారు, జనానికి నమ్మకం పోయింది. 1979లో 13 వేల కోరింత దగ్గు కేసులు, 41 మరణాలు. శుద్ధి చేసిన ప్రొటీన్ల కొత్త రకం టీకా వచ్చాకే మళ్లీ దారికొచ్చింది. తల్లిదండ్రులు భయపడి మానేస్తే మీ గట్టి రక్షణ ఎవరికి?

సూక్ష్మదర్శిని: జపాన్ మాట నిజం అన్నా. జ్వరం ఎంత వస్తే అంత మంచిదని నేను అనడం లేదు. రిసెప్టర్‌ను తట్టాలి, పిల్లాణ్ని బాధపెట్టకూడదు. అది సాధ్యమే. సాల్మొనెల్లా ఎండోటాక్సిన్‌లో ఒక ఫాస్ఫేట్‌ను తీసేసి ఎంపీఎల్ అనే పదార్థం తయారుచేశారు. విషగుణం బాగా తగ్గింది, టీఎల్‌ఆర్4ను తట్టే గుణం నిలిచింది. సర్పి (షింగిల్స్) టీకా షింగ్రిక్స్‌లో ఉన్నవాటిలో అదొకటి, ఆ టీకా 50 దాటినవాళ్లలో 97 శాతం రక్షణ చూపింది. మన హైదరాబాద్‌లో తయారైన కోవిడ్ టీకాలు చూడండి, కోర్బివ్యాక్స్‌లో అదే కుటుంబానికి చెందిన టీఎల్‌ఆర్9ను, కోవాగ్జిన్‌లో టీఎల్‌ఆర్7, 8లను తట్టే పదార్థాలు వాడారు. కోవిడ్‌కి చేసిన పని కోరింత దగ్గుకి ఎందుకు చేయకూడదు? నా బాధంతా అదే.

పీజీ_పీడియా: పెద్దవాళ్లలో పనిచేసిందని పసికందులకు వేసేయలేం అండీ. వాళ్ల కణాలు ఇదే సంకేతానికి వేరేలా స్పందిస్తాయి. పైగా ఆరోగ్యంగా ఉన్న ఆరు వారాల బిడ్డకు ఇచ్చేది, చిన్న ముప్పు కూడా ఒప్పుకోరు. అందుకే ఆలస్యం. ఇప్పటికి మాత్రం మొదటి మూడు డోసులకు మొత్తం బాక్టీరియా టీకానే మేలు.

కొత్తమ్మ_నల్గొండ: మరి మా వాడికి కూడా జ్వరం ఎక్కువొస్తే?

పీజీ_పీడియా: బరువును బట్టి పారాసిటమాల్ ఎంత ఇవ్వాలో సూది వేయించినప్పుడే రాయించుకోండి. తొడ రుద్దకండి. ఫిట్స్ వచ్చినా, బిడ్డ వాలిపోయినా, మూడు గంటలు ఆగకుండా ఏడ్చినా వెంటనే చూపించండి. తర్వాతి డోసుకి ముందు కూడా ఆ సంగతి తప్పకుండా చెప్పండి, అవసరమైతే అప్పుడు రెండో రకానికి మారుస్తారు.