‘మంచుకి గాలం’: అచ్చుతప్పా? అసలు ఆ బొమ్మ ఏది?

రెండు సందేహాలు, రెండూ ఒకే బొమ్మ గురించి. చాలా ఏళ్ళ కిందట ఒక వారపత్రికలో చిన్న సైజులో అచ్చయిన సిరా బొమ్మ, చైనాదో జపాన్‌దో గుర్తు లేదు. పడవలో ఒక ముసలాయన వంగి కూర్చుని గాలం వేస్తున్నాడు, చుట్టూ అంతా ఖాళీ. వెనక మంచుకొండలు ఉన్నాయనే అనిపిస్తోంది కానీ ఒట్టేసి చెప్పలేను. కింద మాత్రం ‘మంచుకి గాలం వేసే ముసలివాడు’ అని ఉంది. అది బాగా గుర్తు, ఎందుకంటే మంచుకి గాలమేమిటి, ‘మంచులో’ అని ఉండాలి కదా అని అప్పుడే అనుకున్నాను. ఇది అచ్చుతప్పేనా? బొమ్మ పేరు ఎవరికైనా తెలుసా? నెట్‌లో ‘మంచు, పడవ, ముసలాయన’ అని ఎంత కొట్టినా అన్నీ ఒకేలాంటివి వచ్చి పడుతున్నాయి, పిచ్చెక్కుతోంది.

—

అచ్చుతప్పు కాదండీ. పైగా మీ దగ్గరున్న ఆధారాల్లో గట్టిది అదే. బొమ్మని కాసేపు పక్కన పెట్టి ముందు ఆ మాట పట్టుకోండి. అది ల్యూ జోంగ్‌యువాన్ (773–819) అనే తాంగ్ కాలపు కవి పద్యంలో ఆఖరి పాదం. పద్యం పేరు ‘జియాంగ్ శ్వే’, ఏటి మంచు అనుకోండి. నాలుగు పాదాలు, పాదానికి 5 అక్షరాలు, మొత్తం 20 అక్షరాల్లో అయిపోతుంది. చైనాలో బడిపిల్లలకి కూడా నోటికొచ్చే పద్యం. నాకు చేతనైన తెలుగు ఇది, ఛందస్సు అడక్కండి:

వేయి కొండలు, ఎగిరే పిట్ట లేదు
పదివేల దారులు, మనిషి అడుగుజాడ లేదు
ఒంటి పడవ, గడ్డి కప్పడం, వెదురు టోపీ, ముసలాయన
ఒక్కడే గాలం వేస్తూ, చలి ఏటి మంచు

ఆఖరి పాదాన్ని కావాలనే అలా వదిలేశాను. మూలంలో ‘ఒంటరి, గాలం వేయు, చల్లని, ఏరు, మంచు’ అని ఐదు మాటలు వరసగా ఉంటాయి, అంతే. మన విభక్తుల్లాంటివేమీ ఉండవు. మంచు కురిసే ఏట్లో చేపలు పడుతున్నాడని చదువుకోవచ్చు, మంచునే పడుతున్నాడనీ చదువుకోవచ్చు. తెలుగులోకి వచ్చేసరికి ‘లో’ అనో ‘కి’ అనో ఏదో ఒకటి తగిలించకపోతే వాక్యం నిలబడదు. ఆ పత్రికలో రాసినాయన ‘కి’ వైపు వెళ్ళాడు. గాలం వేసేది చేపకి కాబట్టి ‘మంచుకి’ అనగానే ఈ ముసలాయనకి చేపల ధ్యాస లేదని ఒక్క అక్షరంలో తెలిసిపోతోంది. నా ఓటు ఆయనకే.

ఇంకో తమాషా కూడా చూడండి. నాలుగు పాదాల మొదటి అక్షరాలు కలిపితే ‘చియాన్, వాన్, గు, దు’. వెయ్యి, పదివేలు, ఒంటి, ఏకాకి. ‘గుదు’ అంటే ఇప్పటి చైనా భాషలో కూడా ఒంటరితనమే. ఈ కవి ఏదో ప్రశాంతంగా ఏటి ఒడ్డున కూర్చుని రాసిన రకం కాదు లెండి. రాజధానిలో సంస్కరణలు తెద్దామని చూసిన ముఠాలో మనిషి, 805లో ఆ ముఠా కూలిపోయాక దక్షిణాన యోంగ్‌జౌకి తోసేస్తే అక్కడే పదేళ్ళు పడి ఉన్నాడు. ఆ దక్షిణ దేశంలో మంచు పడటమే అరుదు. ఒక ఏడాది చలికాలంలో పెద్ద మంచు కొండలు దాటి వచ్చి పడితే, ఎన్నడూ చూడని కుక్కలు బెదిరిపోయి రోజుల తరబడి మొరుగుతూ పిచ్చిగా పరుగులు తీశాయని, మంచు పోయాక గానీ ఆగలేదని తనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ కుక్కల సంగతి తెలిశాక పద్యంలోని నిశ్శబ్దం మీద నాకు కొంచెం అనుమానం వచ్చిన మాట నిజం.

ఇక బొమ్మ. పద్యం ఆఖరి పాదంలోంచే ‘చలి ఏటిలో ఒంటరి గాలం’ అనే పేరు పుట్టింది. చైనా భాషలో ‘హాన్ జియాంగ్ దు దియావ్’, జపాన్ వాళ్ళు అవే అక్షరాలని ‘కన్‌కో దొకుచో’ అని చదువుతారు. ఈ పేరుతో శతాబ్దాల పాటు బొమ్మలు గీస్తూనే ఉన్నారు, మీకు ఒకేలాంటివి వచ్చి పడటానికి కారణం అదే. విచిత్రం ఏమిటంటే టోక్యో నేషనల్ మ్యూజియం ఒక్కదాంట్లోనే ఈ పేరుతో రెండున్నాయి, రెండూ పేరున్నవే.

ఒకటి మా యువాన్‌దని చెప్పుకునేది. దక్షిణ సొంగ్ ఆస్థాన చిత్రకారుడు, ఆయనకి ‘ఒంటిమూల మా’ అని పేరు పెట్టారు, ఒక మూలన గీసి మిగతాదంతా వదిలేస్తాడని. పట్టు మీద గీసింది, ఎత్తు 27 సెం.మీ., వెడల్పు 50 సెం.మీ. దాకా ఉంటుంది. ఇందులో కొండల్లేవు, మంచు లేదు, ఒడ్డు కూడా లేదు. పడవ కింద నాలుగు సన్నటి అలల గీతలు, అంతే. ముసలాయన ఒక చివరన ముందుకి వంగి కూర్చున్నాడు, ఆ బరువుకి రెండో చివర కాస్త పైకి లేచి ఉంటుంది. గాలం కర్ర మీద దారం చుట్టే చిన్న చక్రం కూడా గీశాడు, మనం రీలు అంటామే, అది. ఫిషింగ్ రీలు చరిత్ర రాసేవాళ్ళు తొలి ఆధారాల్లో ఒకటిగా ఈ బొమ్మనే చూపిస్తారు.

రెండోది మింగ్ కాలం నాటి జూ దువాన్‌ది, 16వ శతాబ్దం. ఇది గోడకి వేలాడదీసే నిలువు పటం, చాలా పెద్దది. మంచు, కొండ, చెట్లు అన్నీ ఉంటాయి, వాటి మధ్య ముసలాయన చిన్నగా కనిపిస్తాడు.

కాబట్టి కొండలు ఉన్నాయా లేవా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. ఆ కొండలు పద్యంలోవి కూడా కావచ్చు, పక్కన పద్యం అచ్చేసి ఉంటే రెండూ కలిసిపోవడం మామూలే. బొమ్మ అడ్డమా నిలువా, పడవ ఒక చివర లేచి ఉందా, ఈ రెండూ చెప్పండి చాలు.

—

అడ్డం బొమ్మే. పడవ ఒక పక్కకి ఒరిగినట్టు ఉండేది, మునిగిపోతుందేమో అనిపించేది. మీరన్న పేరుతో వెతికితే వెంటనే దొరికింది, అదే! జూమ్ చేస్తే చక్రం కూడా కనిపించింది. పేజీ మొత్తానికి ఒక పద్యం ఉండేదని ఇప్పుడు లీలగా గుర్తొస్తోంది. చాలా చాలా థాంక్సండీ.

—

బొమ్మ దొరికింది, సంతోషం. కానీ ‘మంచుకి గాలం’ నాకు మింగుడు పడటం లేదు. తెలుగులో ఎవరికైనా గాలం వేశాడంటే వలలో వేసుకోవడమే, మంత్రి పదవికి గాలం వేశాడన్నట్టు. చదివేవాడికి ముందు నవ్వొస్తుంది. ‘మంచులో’ అంటే ఏం పోయింది? మరోటి, ‘వెదురు టోపీ’ ఏమీ బాగాలేదు. వానలో నాట్లేసేవాళ్ళు నెత్తిన పెట్టుకునే ఆకుల గిడుగు ఉంది కదా, ఆ మాట వాడొచ్చు. ‘గడ్డి కప్పడం’ బదులు గొంగడి కొప్పెర అనండి, మనిషి కళ్ళకి కడతాడు.

—

పదవి పోయి అడవుల పాలైన మనిషి గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఆ వెక్కిరింపు కూడా కొంచెం తగిలితే నష్టమేమీ లేదంటాను! ‘మంచులో’ తప్పని అనను. కానీ ‘మంచుకి’ అనేది ఒక పత్రికాయన సొంత పైత్యం కాదు. సొంగ్ కాలం కవి యాంగ్ వాన్‌లీ (1127–1206) పడవ ఆకారంలో చిన్న చదువుకునే గది కట్టించుకుని దానికి ‘దియావ్ శ్వే జౌ’ అని పేరు పెట్టుకున్నాడు. గాలం, మంచు, పడవ. మధ్యలో ఏరు, చలి అన్నీ ఎగిరిపోయి గాలం నేరుగా మంచు మీదే పడింది చూడండి.

గిడుగు బాగుంది, మార్చేస్తాను. గొంగడి మాత్రం వద్దు, అది ఉన్ని, తడిస్తే మోయలేం. ఆయన వేసుకున్నది నీళ్ళు జారిపోయేలా అల్లిన గడ్డి. దానికి మీ వైపు వేరే మాట ఏదైనా ఉంటే చెప్పండి.