పాప కాలేజీ ఫీజు 529 (చదువు కోసం దాచే పొదుపు ఖాతా) లోంచి కట్టాం, ఇంక ట్యాక్స్ క్రెడిట్ రాదా?

డల్లాస్_నాన్న:
నమస్తే అండీ. మా పాప సెకండియర్. పోయినేడాది ట్యూషన్ 11,000 డాలర్లు, డార్మ్, మీల్ ప్లాన్ కలిపి ఇంకో 12,000. పాప చిన్నప్పట్నుంచి వేసుకున్న 529 లోంచి 18,000 తీశాం, మిగతాది జేబులోంచే. మా ట్యాక్స్‌లు చూసే సీపీఏ (అకౌంటెంట్) ఏమో 529 వాడారు కదా ఇంక అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ (కాలేజీ ఖర్చుకి వచ్చే ట్యాక్స్ తగ్గింపు) రాదు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. జాయింట్ ఫైలింగే, ఇద్దరి ఆదాయం కలిపి లక్షా 48 వేలు. 2,500 డాలర్లు పోయినట్టేనా?

ఇద్దరు_పిల్లల_అమ్మ:
పోలేదండీ, ఆగండి. ఒకే డాలర్‌ని 529 కీ క్రెడిట్‌కీ రెండు చోట్లా చూపించకూడదు, రూల్ అంతే. డార్మ్, తిండి ఖర్చు 529 కి చెల్లుతుంది గానీ క్రెడిట్‌కి చెల్లదు, కాబట్టి 529 డబ్బుని ముందు ఆ 12,000 కి వేసేయండి, మిగిలిన 6,000 ట్యూషన్‌కి వేయండి, ఇంకా 5,000 ట్యూషన్ మీ జేబులోదే కదా. క్రెడిట్‌కి కావాల్సింది 4,000 మాత్రమే, మొదటి 2,000 మొత్తం, తర్వాతి 2,000 లో పావు వంతు, కలిపితే 2,500. మీ ఆదాయం లక్షా 60 వేల లోపే ఉంది కాబట్టి కోత కూడా పడదు. కాలేజీ పంపే ఫీజు ఫారం 1098-టి లో 5వ బాక్స్ చూశారా, స్కాలర్‌షిప్ ఉంటే అది ట్యూషన్‌లోంచి తీసేయాలి.

డల్లాస్_నాన్న:
ఇప్పుడే తీసి చూశా అమ్మా, 5వ బాక్స్‌లో 1,000 ఉంది. అంటే సరిగ్గా 4,000 మిగిలింది!! ఇంత చిన్న లెక్క నాకు ఎవరూ చెప్పలేదు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
పుస్తకాల రసీదులు కూడా వెతకండి, కోర్సుకి కావాల్సినవైతే బయట షాపులో కొన్నా లెక్కే.

డిసెంబర్_దెబ్బ:
నా అనుభవం కూడా రాస్తా. బాబు స్ప్రింగ్ ఫీజు పోర్టల్‌లో డిసెంబర్ 20న కట్టేశాం, క్లాసులు జనవరిలో కదా అని తర్వాతి ఏడాది రిటర్న్‌లో వేసుకున్నా. తప్పు. జనవరి నుంచి మార్చి లోపు మొదలయ్యే సెమిస్టర్‌కి ముందే కడితే కట్టిన ఏడాదికే లెక్క, 1098-టి లో 7వ బాక్స్ టిక్ ఉండేది అందుకే. రెండేళ్లవీ 1040-ఎక్స్ (పాత రిటర్న్ సరిచేసే ఫారం) వేసి సరిచేసుకున్నా. ఇంకో మాట, ఈ క్రెడిట్ ఒక్కో పిల్లకి నాలుగు ట్యాక్స్ ఏళ్లే, డిగ్రీ మాత్రం ఐదు క్యాలెండర్ ఏళ్లు తాకుతుంది, ఏ ఏడాది వదలాలో ముందే చూసుకోండి.

కాన్సాస్_ఎంఎస్:
ఎఫ్1 (స్టూడెంట్ వీసా) తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది చదివి మీరు క్లెయిమ్ చేసేయకండి దయచేసి!! నేను చేశా. రూమ్మేట్ చెప్పాడని రెసిడెంట్లు వేసే మామూలు ట్యాక్స్ రిటర్న్ 1040 వేసి 1,000 రీఫండ్ తీసుకున్నా. ఎఫ్1 మీద వచ్చి ఐదు క్యాలెండర్ ఏళ్లు దాటని వాళ్లం ట్యాక్స్ పరంగా మామూలుగా నాన్‌రెసిడెంట్లమే, నాన్‌రెసిడెంట్ల రిటర్న్ 1040-ఎన్ఆర్ వేయాలి, మనకి ఈ క్రెడిట్ లేదు. పైగా ఎంఎస్ వాళ్లకి అమెరికన్ ఆపర్చునిటీ అసలు వర్తించదు, అది డిగ్రీ మొదటి నాలుగేళ్లకే. తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, రేపు వీసా స్టాంపింగ్‌లో అడిగితే ఏం చెప్పాలా అని. అమెండ్ చేసి వడ్డీతో సహా కట్టేశాక గానీ ఊపిరి ఆడలేదు.

హెచ్1_ప్లేనో:
కరెక్ట్ బ్రో. హెచ్1 (వర్క్ వీసా) కి మారి ట్యాక్స్ పరంగా ఏడాదంతా రెసిడెంట్ అయ్యాక పార్ట్‌టైమ్ ఎంబీఏ చేస్తే లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ ఉంది, 10,000 మీద 20 శాతం, గరిష్ఠంగా 2,000. కట్టాల్సిన ట్యాక్స్ తగ్గుతుంది అంతే, చేతికి రాదు.

గుంటూరు_నాన్న:
మా అబ్బాయి ఎంఎస్ లోన్ నా పేరు మీదే ఉంది, ఇక్కడ ఇండియాలో ఇన్‌కమ్ ట్యాక్స్ సెక్షన్ 80ఇ కింద కట్టిన వడ్డీ మొత్తం నా ఆదాయంలోంచి తగ్గించుకుంటున్నా, ఎనిమిదేళ్ల దాకా. పాత ట్యాక్స్ రెజీమ్‌లో ఉంటేనే అండీ. అక్కడి కాలేజీ ఫీజుకి 80సి (ఇక్కడి ట్యూషన్ ఫీజుకి ఇచ్చే తగ్గింపు) మాత్రం రాదు.

డల్లాస్_నాన్న:
పాప మెయిల్‌లో పుస్తకాల రసీదులు 430 డాలర్లవి దొరికాయి. 1098-టి, డార్మ్ బిల్లు, 529 స్టేట్‌మెంట్ అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టా. శనివారం సీపీఏ దగ్గర కూర్చుని క్రెడిట్ అడిగే ఫారం 8863 నింపిస్తా, ఏమైందో వచ్చి రాస్తా.