తొలిసారి కొండ ఎక్కేవారిని జూలై వానల్లో లోహగడ్‌కు తీసుకువెళ్లవచ్చా?

పుణెకు_కొత్త:
నేను ఏడాదిగా పుణెలో ఉంటున్నాను. జూలై రెండో వారంలో కరీంనగర్ నుంచి మా అన్నయ్య, వదిన, 11 ఏళ్ల మేనకోడలు వస్తున్నారు. ముగ్గురూ అలిపిరి మెట్లు రెండుసార్లు ఎక్కారు గానీ కొండదారిలో ఎన్నడూ నడవలేదు. లోణావళా దగ్గరి లోహగడ్ కోట కొత్తవారికి తేలిక అనీ, దాని అందమంతా వానాకాలంలోనే అనీ ఆఫీసులో చెబుతున్నారు. అన్నయ్య మాత్రం 2024 జూన్ 30న లోణావళాలో భూశీ డ్యామ్ దగ్గరి జలపాతంలో ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు కొట్టుకుపోయిన సంగతి గుర్తుచేసి, అనుభవం లేనివారు వానలో కొండ జోలికి పోకూడదంటున్నారు. పెద్దలు మొహమాటం లేకుండా చెప్పగలరు.

కొండదారి:
తీసుకువెళ్లవచ్చునమ్మా, అయితే దారినీ రోజునూ జాగ్రత్తగా ఎంచుకోవాలి. నేను పద్నాలుగేళ్లుగా మావళ్ ప్రాంతపు కోటలు ఎక్కుతున్నాను. కొత్తవారితో వానలో వెళ్లవలసి వస్తే నేను మొదట చెప్పే పేరు లోహగడే.

కోట సముద్రమట్టానికి 1,000 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నా, మళవలి రైల్వేస్టేషను ఉన్న నేలే ఎత్తైనది కాబట్టి మీరు నిజంగా ఎక్కేది సుమారు 400 మీటర్లే. మళవలిలో దిగి, భాజే గ్రామం మీదుగా కోట కిందనున్న లోహగడ్‌వాడీ వరకు నడవవచ్చు. చిన్నపిల్ల ఉంది కాబట్టి అంతవరకు బండిలో వెళ్లడం మేలు. అక్కడి నుంచి గణేశ్, నారాయణ్, హనుమాన్, మహా దర్వాజాలు దాటుకుంటూ పైదాకా మెట్లే ఉంటాయి. దారి తప్పడానికి ఆస్కారం లేదు.

భూశీలో పోయినవారు కొండ ఎక్కుతూ పోలేదు. ప్రవాహం మధ్యనున్న రాతిమీద ఉండగా పైనుంచి నీరు పెరిగింది. ఎగువన కురిసిన వాన కిందనున్నవారికి కనిపించదు. నీరు రంగు మారి, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం చూసేసరికి బయటపడే వ్యవధి ఉండదు. కనుక నా నియమం ఒక్కటే: వానలో తడవవచ్చు గానీ, పారే నీటిని దాటకూడదు, అందులోకి దిగకూడదు. ఎదురుగా ఉన్న విసాపూర్ కోటకు ఒక దారి వాగు వెంబడే పోతుంది; వానల్లో అక్కడి మెట్లే జలపాతమవుతాయి. ఎవరు ఎంత ఊరించినా అటు వెళ్లకండి.

నింపాదిగా:
కొండదారి గారి అనుభవంపై నాకు గౌరవం ఉంది, కానీ ఈ సలహాతో ఏకీభవించలేను. అలిపిరి మెట్లు ఎక్కినవారు లోహగడ్ ఎక్కగలరన్న ధీమా సరికాదు. అలిపిరి దారిలో చాలామేర నెత్తిన కప్పు ఉంది, మెట్లు సమంగా ఉంటాయి, అడుగడుగునా కూర్చునే చోటుంది. ఇక్కడివి పాచి పట్టిన పాత రాతిమెట్లు. ఒకటి జానెడు ఎత్తుంటే మరొకటి మోకాలి దగ్గరికి వస్తుంది. ఎక్కేటప్పుడు ఇది తెలియదు. మూడేళ్ల క్రితం ఆగస్టులో దిగుతూ, గోడవైపు పచ్చగా ఉన్న అంచుమీద మడమ వేశాను. కాలు తేలిపోయింది, చీలమండ బెణికింది. ఆదివారం కావడంతో గుమ్మం దగ్గర ఎక్కేవారూ దిగేవారూ ఇరుక్కుపోయారు. నన్ను కిందికి చేర్చడానికి నా స్నేహితులకు రెండు గంటలు పట్టింది. ఆ గుంపులో నా స్థానంలో మీ మేనకోడలు ఉంటే?

రెండో మాట, కొండచరియలు. 2014 జూలై 30న మాళీణ్ గ్రామం, 2023 జూలై 19 రాత్రి ఇర్షాళ్‌గడ్ కింది ఇర్షాళ్‌వాడీ మట్టిలో కూరుకుపోయాయి. ఇర్షాళ్‌గడ్ కూడా ఒక్కరోజులో ఎక్కి దిగే కోటే. సెప్టెంబరు చివరిదాకా ఆగితే పచ్చదనం అలాగే ఉంటుంది, సోన్‌కీ పూలతో కొండలు పసుపుబారతాయి, వాన తెరిపిస్తుంది. చుట్టాలు వచ్చే తేదీని బట్టి కొండను ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు.

కొండదారి:
కొండచరియల విషయంలో మీ మాటను కాదనను. అందుకే ఆ రోజు వాన ఒక్కటే చూస్తే చాలదు, అంతకుముందు మూడు నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిందా అన్నది కూడా చూడాలని నేను మొదటే చెప్పవలసింది. వాతావరణశాఖ 24 గంటల్లో 115.6 మిల్లీమీటర్లు, ఆపైన కురిసే వానను అతిభారీ వర్షం అంటుంది. పుణె ఘాట్ ప్రాంతానికి ఆరెంజ్ హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోవాలి. ఆదివారం అసలే వద్దు.

అయితే సెప్టెంబరు చివరిదాకా ఆగమనడం అందరికీ కుదిరే సలహా కాదు. మనం వద్దన్నా జనం వానలోనే వస్తున్నారు. 2025లో మరాఠా సైనిక భూభాగాల పేరిట గుర్తింపు పొందిన 12 కోటల్లో ఒకటిగా లోహగడ్‌కూ ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది కాబట్టి ఇంకా వస్తారు. వారికి నడిచే తీరు నేర్పడమే మన బాధ్యత అని నా అభిప్రాయం. దిగేటప్పుడు మడమ కాకుండా పాదమంతా ఆనించాలి, రాయి ముదురు ఆకుపచ్చగా కనిపించిన చోట అడుగు వేయకూడదు, పెద్దవారిలో ఒకరు పిల్లకు ఒక మెట్టు కింద ఉండాలి. జీన్స్ తడిస్తే బరువెక్కి ఒంట్లో వేడిని లాగేస్తుంది కాబట్టి త్వరగా ఆరే బట్టలు వేసుకుని, పొడిజత ఒకటి ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టుకోవాలి. పైన గాలికి గొడుగు నిలవదు. తేలుకొండిలా ముందుకు సాగే వించూకాటా అనే భాగం వైపు దిగవలసిన చోట బండ జారుతుంది. దూరం నుంచి చూసి వెనక్కి రండి. ఉరుము వినిపిస్తే కోట పైభాగాన ఒక్క నిమిషం కూడా ఉండవద్దు.

పుణెకు_కొత్త:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అన్నయ్యకు ఈ చర్చ అంతా చదివి వినిపించాను. మంగళవారం ఉదయం 7 గంటలకల్లా లోహగడ్‌వాడీ చేరుకుని, ఎక్కడిదాకా వచ్చినా 11 గంటలకు వెనుదిరగాలని అనుకున్నాం. ముందురోజు ఆరెంజ్ కనిపిస్తే కోట మానుకుని ఇంట్లోనే ఉంటాం. బూట్లు ఇక్కడికి వచ్చాక కొనవచ్చా?

నింపాదిగా:
వద్దు. వాన తగ్గాకే వెళ్లాలన్న నా మాట అలాగే ఉంది, కానీ వెళ్లడం ఖాయమైతే ముగ్గురినీ కరీంనగర్‌లోనే లోతైన గాడులున్న అడుగుతో బూట్లు కొనమనండి. కనీసం పది రోజులు తొడుక్కుని నడవాలి, ఒకసారి తడిసిన బండమీద కూడా. కొత్త బూటు తడి మేజోడులో అరగంటకే మడమ బొబ్బలెక్కిస్తుంది, ఆ తర్వాత పాప పాదం ఎలా వేస్తోందో ఎవరూ గమనించలేరు.