అప్‌డేట్: షేక్‌స్పియర్ సానెట్ విశ్లేషణ దారిలో పడింది

కావలిలో ఇంటర్ ఎంపీసీ చదువుతూ బీఏ ఇంగ్లిష్ లిటరేచర్‌కి వెళ్లాలనుకుంటున్నానని, షేక్‌స్పియర్ సానెట్ (14 పాదాల ఇంగ్లిష్ పద్యం) అర్థమైనా విశ్లేషణ రాయలేకపోతున్నానని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అన్నయ్యలకు, అక్కలకు థ్యాంక్స్.

పనిచేసింది పెన్సిల్ పట్టుకుని గట్టిగా చదవమన్న అక్క సలహా. అంత్యప్రాస కలిసిన పాదాలకు ఒకే అక్షరం వేస్తూ పోతే 14 పాదాలూ నాలుగేసి పాదాల మూడు ముక్కలుగా, చివర ఒక జంటగా విడిపోయాయి. 18వ సానెట్‌లో మొదటి 8 పాదాలు వేసవి ఎంత అస్థిరమో చెబుతాయి, 9వ పాదంలో ‘కానీ నీ వేసవి వాడిపోదు’ అని మలుపు. ఆ మలుపు ఎందుకు వచ్చిందో రాస్తే అదే విశ్లేషణట. ఒంగోలులో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు నా నోట్సు చూసి, “ఇది తాత్పర్యమమ్మా, కవి ఏం చెప్పాడో ఉంది, ఎలా చెప్పాడో లేదు” అన్నారు. అక్కడే తేలిపోయింది.

గైడు బట్టీ, అలంకారాల జాబితా దేనికీ ఉపయోగపడలేదు. నా ఇంగ్లిష్ యాస గురించి పడ్డ టెన్షన్ అయితే శుద్ధ దండగ. ఇప్పుడు 73వ సానెట్ మీద కూర్చున్నా.