పాలు మానేసిన మూడో రోజు బిడ్డ: ప్రతి ఒక్కరికీ అమోనియా పరీక్ష చేయాలా?

సీమపీడియా, కర్నూలు

బిడ్డ పుట్టగానే ఏడ్చింది. 3 కిలోలుంది. రెండు రోజులు చక్కగా పాలు తాగింది. మూడో రోజు రొమ్ము పట్టదు, మత్తుగా పడి ఉంటుంది, ఊపిరి ఎగబీలుస్తుంది. ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బుపడ్డ పసికందుల ప్రత్యేక వార్డులో, చేర్చుకోగానే మనం రాసేది సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్ మొదలుపెట్టి, బ్లడ్ కల్చర్ పంపి ఎదురుచూస్తాం. కల్చర్‌లో ఏమీ పెరగదు. ఐదో రోజుకు బిడ్డ కోమాలోకి జారుతుంది, అప్పుడు గుర్తొస్తుంది అమోనియా. జీవక్రియలో (మెటబాలిజం) పుట్టుకతోనే లోపం ఉంటే, ప్రొటీన్ అరిగేటప్పుడు పుట్టే ఈ విషం రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. తల్లిదండ్రులది మేనరికమనీ, ముందు కాన్పులో బిడ్డ ఇలాగే పోయిందనీ కేస్‌షీట్ మొదటి పేజీలోనే ఉంటుంది.

అందుకే అంటున్నాను: సెప్సిస్ అనుమానంతో చేరే ప్రతి నవజాత శిశువుకూ మొదటి గంటలోనే, యాంటీబయాటిక్‌తో పాటే, అమోనియా తీయాలి. రిపోర్టు వచ్చేదాకా పాలు ఆపి 10 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) డ్రిప్ పెట్టాలి. కర్నూలు నుంచి హైదరాబాద్ 210 కిలోమీటర్లు, అనంతపురం నుంచి బెంగళూరు దాదాపు అంతే. జబ్బు పేరు అక్కడ తేలుతుంది సరే, మెదడు పాడయ్యేది ఇక్కడ మన వార్డులో గడిచే గంటల్లో. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఐస్‌బాక్స్, కడప

“ప్రతి” అన్న మాట దగ్గరే నా అభ్యంతరం డాక్టరు గారూ. ల్యాబ్ వైపు నుంచి చెబుతున్నాను. అమోనియా గ్లూకోజ్ లాంటి పరీక్ష కాదు. చేతికి కట్టు బిగించి తీసినా, మడమ పిండి తీసినా అంకె తప్పుగా పెరుగుతుంది. ట్యూబులో పడ్డాక కూడా రక్తకణాల్లోంచి అమోనియా పుడుతూనే ఉంటుంది. ఐస్ లేకుండా అరగంట ట్రేలో ఉన్న శాంపిల్‌కు 190 వస్తే, అది బిడ్డదో ట్యూబుదో ఎవరు చెప్పగలరు? ఆ అంకె పట్టుకుని పాలు ఆపేసి, తల్లిని ఏడిపించి, అంబులెన్స్ ఎక్కిస్తాం.

యూనిట్ల తికమక ఇంకోటి. ఒక ల్యాబ్ మైక్రోమోల్స్‌లో ఇస్తుంది, ఇంకోటి మైక్రోగ్రాముల్లో. డెసిలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని ఉంటే 1.7తో భాగించాలి. 255 అని చూసి బెదిరితే, లీటరు లెక్కలో అది 150 మైక్రోమోల్స్ మాత్రమే. జబ్బు చేసిన పసిబిడ్డలో వేరే కారణాలతోనే 180 దాకా పోవచ్చు. 200 దాటితే మెటబాలిక్ జబ్బు కోసం వెతకాల్సిందే.

అసలు విషయం, అందరికీ అమోనియా తీసినా ఎంఎస్‌యూడీ (ప్రొటీన్లోని కొన్ని అమైనో ఆమ్లాలు అరగని పుట్టుక జబ్బు) తప్పించుకుపోతుంది. అందులో అమోనియా మామూలుగానే ఉండొచ్చు, రక్తంలో ఆమ్లమూ పెద్దగా పెరగకపోవచ్చు. ముందు మూత్రంలో కీటోన్ పట్టీ (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లను చూపేది) ముంచండి. పసిబిడ్డ మూత్రంలో కీటోన్లు అంత సులువుగా రావు. రెండు ప్లస్‌లు వచ్చాయంటే ఆ ఒక్క పట్టీయే గట్టి సూచన.

వార్డుసిస్టర్, అనంతపురం

ఐస్ మాట నేను చెప్తా సార్, అది మా చేతిలో పని. టీకాల క్యారియర్ ఏ ఆస్పత్రిలోనైనా ఉంటాది. ట్యూబును ఐస్‌ప్యాకుకు నేరుగా ఆనించినారంటే ఆ చలికి ఎర్రకణాలు పగిలిపోతాయి, రిపోర్టు మళ్లీ తప్పే. ఒక గిన్నెలో ఐస్ నలగ్గొట్టి, నీళ్లు పోసి, అందులో ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఉండే ట్యూబును నిలబెట్టల్ల. ముందు ల్యాబుకు ఫోన్ చేసి సెంట్రిఫ్యూజ్ (రక్తకణాలను వేరుచేసే యంత్రం) ఖాళీగా ఉందా అని అడిగినాకే సూది పట్టుకోవల్ల. కట్టు కట్టకుండా, పిండకుండా, ధారగా వచ్చే రక్తమే తీయల్ల. ధమని నుంచైతే ఇంకా మేలు. పదహైదు నిమిషాల్లో ల్యాబుకు చేరల్ల. రాత్రి రెండింటికి ల్యాబులో మనిషి లేడని తెలిసి రక్తం తీస్తే ఆ నొప్పి బిడ్డకు దండగ.

సీమపీడియా, కర్నూలు

సిస్టర్ గారూ, మీరు చెప్పింది ప్రింటు తీసి గోడకు అంటించాల్సింది. ఐస్‌బాక్స్ గారితో సగం ఒప్పుకుంటున్నాను. “ప్రతి” అన్న మాట వదిలేస్తాను, “మొదటి గంట” మాత్రం వదలను.

వడపోత ఇలా ఉంటే? చేరగానే గ్లూకోజ్, బ్లడ్ గ్యాస్ (రక్తంలో ఆమ్లం, క్షారం, వాయువుల లెక్క), లాక్టేట్ (ఒంట్లో పుట్టే ఒక ఆమ్లం), ఎలక్ట్రోలైట్లు (సోడియం లాంటి లవణాలు), మూత్రంలో కీటోన్లు. ఊపిరి వేగంగా ఉండి గ్యాస్‌లో పీహెచ్ 7.45 దాటి, కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఉంటే అక్కడే ఆగాలి. సెప్సిస్ ముదిరిన బిడ్డ సాధారణంగా ఆమ్లం వైపు పోతుంది. క్షారం వైపు పోతూ మత్తుగా ఉందంటే యూరియా సైకిల్ (ఒంట్లో అమోనియాను యూరియాగా మార్చే ప్రక్రియ) లోపమేమో చూడాలి, అమోనియాకు ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు. పీహెచ్ తగ్గి, సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బొనేట్ తీసేస్తే 20 దాటి, కీటోన్లు కూడా ఉంటే ఆర్గానిక్ అసిడీమియా, అంటే జీవక్రియ లోపంతో రక్తంలో ఆమ్లాలు పేరుకునే జబ్బు. అక్కడా అమోనియా కావాలి. గ్యాస్ మామూలుగా ఉన్నా, కారణం తెలియని మత్తుకూ ఫిట్స్‌కూ తీయాల్సిందే. మిగతావాళ్లకు ఆగొచ్చు. మేనరికం ఉంటే మాత్రం ఇవేవీ చూడకుండానే తీయాలి.

జన్యుపత్రం, కడప (ఇప్పుడు హైదరాబాద్)

మేనరికం దగ్గర జాగ్రత్త సార్. అది అనుమానం పెంచడానికి పనికొస్తుంది, తగ్గించడానికి పనికిరాదు. మేనమామ–మేనకోడలు పెళ్లిలో, ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి బిడ్డకు వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే పదహారింట ఒకటి. సీమలో ఇది చిన్న విషయం కాదు. అయితే ఓటీసీ లోపం (యూరియా సైకిల్ లోపాల్లో ఒకటి) ఎక్స్ క్రోమోజోమ్ మీద నడుస్తుంది, సాధారణంగా తల్లి వైపు నుంచి మగబిడ్డలకు వస్తుంది, దానికి బంధుత్వంతో పనిలేదు. “దగ్గరి సంబంధమా?” అని అడిగి ఊరుకోకుండా “మీ అన్నదమ్ములెవరైనా పురిట్లోనే పోయారా?” అని తల్లిని అడగాలి. ఆ ప్రశ్నకు అమ్మమ్మ దగ్గరే సరైన జవాబు దొరుకుతుంది.

ఇంకో మాట. పాలు ఆపకముందే, రక్తం ఎక్కించకముందే శాంపిళ్లు తీసి పెట్టండి. గెలాక్టోసీమియా (పాలలోని చక్కెర అరగని పుట్టుక జబ్బు) ఉన్న బిడ్డ మూత్రంలో చక్కెర పాలు తాగుతున్నంతసేపే కనిపిస్తుంది. అదీ గ్లూకోజ్ పట్టీకి దొరకదు, బెనెడిక్ట్ పరీక్షకే దొరుకుతుంది. కామెర్లు, కాలేయం దెబ్బతినడం, కల్చర్‌లో ఈ.కోలై బాక్టీరియా, ఈ మూడూ కలిస్తే సెప్సిస్ అని తృప్తిపడకండి, దాని వెనక గెలాక్టోసీమియా ఉండొచ్చు. రక్తం ఎక్కించాక ఎంజైమ్ పరీక్ష చేస్తే దాత కణాలు మామూలు ఫలితమే చూపిస్తాయి, మూడు నెలల దాకా ఆ రిపోర్టును నమ్మలేం.

రక్తపు చుక్కల కార్డు (ఫిల్టర్ కాగితం) మీద ఒక్కో వలయాన్ని ఒకే రక్తపు చుక్కతో, ఒకే వైపు నుంచి నింపాలి. మూడు నాలుగు గంటలు అడ్డంగా పరిచి నీడలో ఆరబెట్టాలి. అనంతపురం మే ఎండలో కిటికీ పక్కన పెడితే ఎంజైములు చచ్చిపోతాయి, లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది. మూత్రం 5 నుంచి 10 మిల్లీలీటర్లు ఫ్రీజర్‌లో పెట్టాలి. డీఎన్ఏ కోసం తీసే ఈడీటీఏ రక్తం మామూలు ఫ్రిజ్‌లో చాలు.

ఐస్‌బాక్స్, కడప

వడపోతకు ఒప్పుకున్నాను. “పాలు ఆపండి” అన్నదానికి మాత్రం అడ్డం తిరుగుతున్నాను. పాలు ఆపి ఐవీ సరిగా పెట్టకపోతే బిడ్డ తన కండనే కరిగించుకుంటుంది. అదీ ప్రొటీనే, దాన్నుంచీ అమోనియా పుడుతుంది. నోటికి ఏమీ ఇవ్వక, ఐవీ నెమ్మదిగా నడిపిస్తే పాలు తాగించడం కంటే ఎక్కువ చెడుపు.

సీమపీడియా, కర్నూలు

అది నిజం, అందుకే లెక్క రాస్తున్నాను. 3 కిలోల బిడ్డకు 10 శాతం డెక్స్‌ట్రోజ్ గంటకు 15 మిల్లీలీటర్లు పోతే కిలోకు నిమిషానికి 8.3 మిల్లీగ్రాముల గ్లూకోజ్ అందుతుంది. కనీసం అంత కావాలి. ఉత్త డెక్స్‌ట్రోజ్ కాకుండా సోడియం కలిపి పెట్టాలి, లేకపోతే మెదడు వాపు పెరుగుతుంది. 12.5 శాతం దాటితే చేతి నరం ఓర్చుకోదు, బొడ్డు సిర లైన్ కావాలి. చక్కెర పెరిగితే డ్రిప్ తగ్గించకుండా కొద్దిగా ఇన్సులిన్ చేర్చాలి. లాక్టేట్ బాగా ఎక్కువుంటే మాత్రం గ్లూకోజ్ మరీ పెంచకూడదు, పీడీహెచ్ (గ్లూకోజును శక్తిగా మార్చడానికి కావాల్సిన ఎంజైమ్) లోపంలో అదే విషమవుతుంది.

పాలు ఆపేది 24 గంటలు, మహా అయితే 48. ఆ తర్వాత రోజుకు కిలోకు 0.5 గ్రాముల ప్రొటీన్‌తో మళ్లీ మొదలుపెట్టాలి. 3 కిలోల బిడ్డకు అది రోజంతా కలిపి 130 మిల్లీలీటర్ల తల్లిపాలు. గెలాక్టోసీమియా అనుమానం ఉంటే తల్లిపాలూ వద్దు, సోయా పాలే.

ఫిట్స్‌కు వాల్‌ప్రొయేట్ వద్దు, అది అమోనియాను ఇంకా పెంచుతుంది. జీవక్రియకు తోడ్పడేవి కూడా ఇవ్వాలి: కార్నిటైన్ కిలోకు 100 మిల్లీగ్రాములు, బయోటిన్ 10 మిల్లీగ్రాములు, హైడ్రాక్సోకోబాలమిన్ (ఒక రకం బీ12) 1 మిల్లీగ్రాము కండకు. మందుల షాపులో సులువుగా దొరికే మిథైల్‌కోబాలమిన్ దానికి బదులు కాదు. అమోనియాను తగ్గించే సోడియం బెంజోయేట్ తొలి మోతాదు కిలోకు 250 మిల్లీగ్రాములు, 90 నిమిషాల మీద. గ్రాముకు 7 మిల్లీమోల్స్ సోడియం దాంతోనే వస్తుంది, డ్రిప్ లెక్కలో అది తీసేయాలి. అమోనియా లీటరుకు 500 మైక్రోమోల్స్ దాటితే డయాలసిస్ ఉన్నచోటికి వెంటనే కదలాలి.

వార్డుసిస్టర్, అనంతపురం

పాలు ఆపిన రెండు రోజులూ తల్లి చేత మూడు గంటలకోసారి పాలు పిండిస్తాండల్ల. లేకుంటే తిరిగి మొదలుపెట్టేటప్పటికి పాలు ఎండిపోయింటాయి.

వాసన సంగతి కూడా చెప్తా. ఎంఎస్‌యూడీ బిడ్డ మూత్రం మాడిన పాకం వాసన వస్తాదని పుస్తకంలో ఉంటాది. మన బాలింతలు మెంతులు బాగా తింటారు, ఆ బిడ్డల గుడ్డలూ అదే వాసన కొడతాయి. వాసన ఒక్కటే చూసి భయపడొద్దు, మెంతులని తీసిపారేయొద్దు. కీటోన్ పట్టీ ముంచితే తేలిపోతాది.

జన్యుపత్రం, కడప (ఇప్పుడు హైదరాబాద్)

బిడ్డ దక్కదని తెలిసినప్పుడు కూడా, తల్లిదండ్రులు ఒప్పుకుంటే రక్తపు చుక్కల కార్డు, 2 మిల్లీలీటర్ల ఈడీటీఏ రక్తం, మూత్రం తీసి పెట్టాలి. వచ్చే కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉన్న దంపతులు వాళ్లు. జన్యులోపం తెలిసి ఉంటేనే 11 నుంచి 13 వారాల మధ్య మావి ముక్క పరీక్షకు అర్థం ఉంటుంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్ గుర్తింపు పొందిన కేంద్రం. జబ్బు పేరు నిర్ధారణ అయితేనే అక్కడ సాయానికి దరఖాస్తు కదులుతుంది.

ఐస్‌బాక్స్, కడప

రాత్రి సంగతి ఇంకా తేలలేదు. అమోనియా చేసే మనిషి లేని చోట ఏం చేయాలి? నా మటుకు, గ్యాస్‌లో క్షారం, మత్తు కలిసి ఉంటే అంకె కోసం ఆగకుండా డ్రిప్ పెట్టి పంపించేయడమే.

సీమపీడియా, కర్నూలు

సరే. అయితే అంబులెన్స్‌లో రెండు ఐవీ లైన్లు ఉండాలి, సిరంజి పంపు బ్యాటరీ ఛార్జ్ చూసుకోవాలి, గంటగంటకూ గ్లూకోజ్ చూడాలి. దారిలో ఉన్న ఒక్క లైన్ ఊడిపోతే మనం ఇక్కడ చేసినదంతా వృథా. తీసిపెట్టిన కార్డు, ఫ్రీజర్‌లోని మూత్రం ఐస్‌లో బిడ్డతో పాటే వెళ్లాలి. లెటర్‌లో పాలు ఏ గంటకు ఆపామో రాయాలి.