ఈ వారం సమస్య: ‘నిమిషమందు మిగిలె నూరు నిమిషములిక’

నిర్వాహకుడు: తేటగీతి పద్యానికి చివరి పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. డౌన్‌లోడు గీత పక్కన ‘ఇంకా 1 నిమిషం’ అని కనిపిస్తే నమ్మి కాఫీ కలుపుకోవడానికి లేచిన వాళ్లందరికీ ఈ సమస్య అంకితం.

విశాఖ సభ్యుడు:

ఒక్క నిమిషము చాలని యొప్పుకొనియు
అరకు రైలు గుహను జొచ్చె నంతలోనె
నత్తనడకను బట్టెను నాదు ఫైలు
నిమిషమందు మిగిలె నూరు నిమిషములిక

నిర్వాహకుడు: ధార బాగుంది. సొరంగాన్ని గుహ అన్నారు, బొర్రా గుహలు దాపునే ఉన్నాయి కాబట్టి చెల్లనిద్దాం. కానీ రెండో పాదం అచ్చుతో మొదలైంది. పద్యం నడుమ విసంధి, అంటే సంధి కలపకుండా వదిలేయడం, చెవికి గుచ్చుకుంటుంది.

విశాఖ సభ్యుడు: సంధి చేస్తే ‘నరకు రైలు’ అవుతుందండీ! అందుకే వదిలేశాను.

నిర్వాహకుడు: నరకకుండానే దారి ఉంది: ‘కొండ రైలు గుహను జొచ్చె గుట్టలోన’. కొ–గు యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జత) చెల్లుతుంది. కొండ, గుట్ట పునరుక్తి అంటారా, ఒప్పుకుంటాను. అన్నట్టు, మీ నూరుకు లెక్క కూడా సరిపోయింది. 60 మెగాబైట్లు మిగిలి, వేగం సెకనుకు 1 మెగాబైటు ఉంటే నిమిషం పని. అదే వేగం 10 కిలోబైట్లకు పడితే 6000 సెకన్లు, అంటే సరిగ్గా 100 నిమిషాలు. పూర్తిగా ఆగిపోతే సున్నాతో భాగించాలి, ఇక ఏ అంకె వేస్తారు?

ప్రోగ్రామర్ సభ్యురాలు:

వేగ మొక్కటె నమ్మిన వెర్రి లెక్క
గాలివాటపు పడవయై కదలుచుండె
సగటు వేగము కట్టని సాహసమున
నిమిషమందు మిగిలె నూరు నిమిషములిక

నిర్వాహకుడు: ‘సాహసం’ యతి కోసం వచ్చిందేమో అనుకున్నాను. దుడుకుతనం అనే పాత అర్థంలో చూస్తే ఇంతకన్నా తగిన మాట లేదు.

విశాఖ సభ్యుడు: పద్యం మీద పేచీ లేదు, సగటు మీద ఉంది. ఆ 60 మెగాబైట్ల లెక్కలోనే సెకనుకోసారి పాత వేగం 9 పాళ్లు, కొత్తది 1 పాలు కలిపారనుకోండి. నా రైలు సొరంగంలో దూరిన సెకనుకు మీ తెర 67 సెకన్లు అంటుంది. 10 సెకన్లు గడిచినా 3 నిమిషాలు దాటదు. ఫైలేమో చతికిలబడి ఉంటుంది. గెంతే అబద్ధం పోయి కుదురైన అబద్ధం వచ్చింది, అంతే.

ప్రోగ్రామర్ సభ్యురాలు: నిజమే. అందుకే వేగం ఒక్కసారిగా పడిపోతే నేను అంకె తీసేసి ‘కనెక్షన్ నెమ్మదించింది’ అని వేస్తాను. కుదురుకున్నాక ‘సుమారు గంటన్నర’ అంటాను. ‘97 నిమిషాల 14 సెకన్లు’ అంటే ఆ 14 ఎవరు నమ్ముతారు? సర్వర్ ఫైలు మొత్తం పరిమాణం చెప్పకపోతే శాతం కట్టే దారే లేదు. అప్పుడు ‘ఇప్పటికి 38 మెగాబైట్లు వచ్చాయి’ అని ఊరుకోవాలి. అలాగని గీతే వద్దనను. జనం దాన్ని కోరుకుంటారని కంప్యూటర్ శాస్త్రవేత్త బ్రాడ్ మయర్స్ 1985లోనే పరిశోధన పత్రం రాశారు.

పెళ్లి ఫొటోల బాధితుడు: నాది డౌన్‌లోడు కాదు, పెన్‌డ్రైవు.

పెద్ద వీడియో ముందుగ వెళ్లిపోయె
పెళ్లి ఫోటోలు వేలుగ వెంట నడచె
చిన్న చీమల బారులో చిక్కుకొనగ
నిమిషమందు మిగిలె నూరు నిమిషములిక

నిర్వాహకుడు: వరసగా రెండు పాదాల్లో పె–వె యతే పడింది, కొంచెం బద్ధకం. అయినా ఈ వారం నా ఓటు దీనికే. వీడియో ఒక్కటే ఫైలు, ఏకబిగిన పోతుంది. ఫొటోల దగ్గర ప్రతిసారీ కొత్త ఫైలు తెరవాలి, పేరు నమోదు చేయాలి, మూయాలి. బైట్లు మాత్రమే లెక్కపెట్టే గీతకు ఈ చాకిరీ కనబడదు. చీమల బారు అనగానే నాకు కనబడింది.

ప్రోగ్రామర్ సభ్యురాలు: మిగిలిన ఫైళ్ల సంఖ్యను కూడా లెక్కలో వేయాలి. రేపు ఆఫీసులో ఈ పద్యమే చూపిస్తాను.

నిర్వాహకుడు: వచ్చే వారానికి, మళ్లీ తేటగీతే: ‘తొంబదియు తొమ్మిదియు గూడ తుదకు సున్న’. 99 శాతం దగ్గర తెగిపోయి మొదటికి వచ్చిన వాళ్లకు వేరే ఆధారం అక్కర్లేదు.