రిపీటర్ వినబడుతోంది, నా పిలుపే అందట్లేదు: టోన్ సమస్యా, యాంటెన్నా సమస్యా?

కొత్తస్వరం:
హ్యామ్ రేడియో లైసెన్సు, కాల్‌సైన్ (నా స్టేషన్ గుర్తింపు పేరు) వచ్చాయి. చేతిలో 5 వాట్ల హ్యాండీ (చేతి సెట్టు) ఉంది. 2 మీటర్ల బ్యాండ్ (145 మెగాహెర్ట్జ్ ప్రాంతం) రిపీటర్‌లో, అంటే మన సిగ్నల్ అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్‌లో, అందరి మాటలూ శుభ్రంగా వినబడుతున్నాయి, నేను పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. షిఫ్ట్ (పంపే, వినే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా) మైనస్ 600 కిలోహెర్ట్జ్ పెట్టాను. డాబా మీద ఏ యాంటెన్నా, ఏ కేబుల్ వేసుకోవాలి? తర్వాత డిజిటల్‌కి పోవాలంటే డీఎంఆర్ (ఒక డిజిటల్ రేడియో పద్ధతి) సెట్టు తీసుకోవచ్చా?

టోన్_మాస్టారు:
టోన్ (రిపీటర్ తెరుచుకోవడానికి మాటతో పాటు పంపే తక్కువ స్థాయి స్వరం) సంగతి రాయలేదంటే పెట్టలేదనే అర్థం. రిపీటర్ టోన్ 88.5 హెర్ట్జో మరొకటో కనుక్కుని ట్రాన్స్‌మిట్ వైపు పెట్టండి. మీది యూవీ-5ఆర్ మోడల్ హ్యాండీ అయితే మెనూ 13. మెనూ 11 జోలికి పోకండి. అది రిసీవ్ టోన్. రిపీటర్ తిరిగి టోన్ పంపకపోతే మీ సెట్టు మూగబోతుంది. 25లో మైనస్, 26లో 0.600. 27తో దాచేటప్పుడు ఒకే ఛానెల్లో రెండుసార్లు దాచాలి: ముందు రిసీవ్ ఫ్రీక్వెన్సీ, తర్వాత ట్రాన్స్‌మిట్ ఫ్రీక్వెన్సీ. రెండోది వదిలేస్తే ఆ ఛానెల్లో షిఫ్ట్ ఉండదు, రిపీటర్ అవుట్‌పుట్ మీదే మాట్లాడుతుంటారు.

కాపర్_తీగ:
10 మీటర్ల ఆర్‌జీ-58 (సన్న కేబుల్) వేస్తే 145 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 2 డీబీ (డెసిబెల్) దారిలోనే పోతుంది. పవర్‌లో మూడో వంతు పైనే. 435 దగ్గరైతే సగానికి మించి. అంతే పొడవు ఎల్‌ఎంఆర్-400 (లావు కేబుల్) వేస్తే 145లో పోయేది అర డీబీ. ఇంకేం ఆలోచించకుండా అదే వేయండి.

క్యావిటీ6:
ఆలోచించే వేయండి. ఎల్‌ఎంఆర్-400లో లోపల అల్యూమినియం రేకు, దాని మీద తగరం పూత పూసిన రాగి అల్లిక. వేర్వేరు లోహాలు రాసుకునే చోట డూప్లెక్స్‌లో (రిపీటర్‌లా ఒకేసారి పంపుతూ వింటున్నప్పుడు) కరకర మొదలవుతుంది. రిపీటర్‌కి హార్డ్‌లైన్ (గట్టి లోహపు తొడుగున్న కేబుల్) వేయాలి, జంపర్లకి (పరికరాలను కలిపే పొట్టి కేబుళ్లకి) ఆర్‌జీ-214 గానీ ఆర్‌జీ-400 గానీ వాడాలి.

కాపర్_తీగ:
ఆయన అడిగింది డాబాకి అండీ, టవర్‌కి కాదు! హ్యాండీ పంపుతున్నప్పుడు వినదు. ఇలా ఒకసారి ఒక్క పనే చేసే (సింప్లెక్స్) స్టేషన్‌కి ఈ భయం దేనికి? కొత్తవాళ్లని ఇలా బెదరగొట్టకండి.

క్యావిటీ6:
బెదిరింపు కాదు, లెక్క. డూప్లెక్సర్లు (ఒకే యాంటెన్నాతో పంపడం, వినడం కలవకుండా చూసే ఫిల్టర్లు) ట్యూన్ చేసే పని నాది. 50 వాట్లంటే ప్లస్ 47 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్ లెక్క). రిసీవర్ పట్టేది మైనస్ 120 దగ్గర. మధ్యలో 167 డీబీ తేడా. పవర్ కింద ఆ అల్లికలో పుట్టే రవ్వంత నాయిస్ రిసీవ్ ఫ్రీక్వెన్సీ మీద పడినా బలహీనమైన స్టేషన్ మునిగిపోతుంది. చూడాలంటే నాయిస్‌లో సగం మునిగిన బలహీన సిగ్నల్ రిపీటర్ ఇన్‌పుట్‌కి ఇచ్చి ట్రాన్స్‌మిటర్ ఆపండి, వేయండి. వేసినప్పుడు నాయిస్ పెరిగితే డీసెన్స్ (సొంత ట్రాన్స్‌మిటర్ వల్ల రిసీవర్ మొద్దుబారడం) ఉన్నట్టే. అప్పుడు యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (పవర్‌ని గాలిలోకి వదలకుండా మింగే పరికరం) పెట్టండి. పోయిందా, తప్పు కేబుల్‌లోనో యాంటెన్నాలోనో. పోలేదా, డూప్లెక్సర్‌లోనో జంపర్లలోనో రేడియోలోనో.

గాలిగోపురం:
600 కిలోహెర్ట్జ్ దూరానికి చిన్న నాచ్ (ఒక ఫ్రీక్వెన్సీని మాత్రమే అడ్డుకునే) డూప్లెక్సర్ కొని మోసపోయేవాళ్లకి కూడా చెప్పండి. అవి 70 సెంటీమీటర్ల బ్యాండ్‌లో (435 మెగాహెర్ట్జ్ ప్రాంతం) 5 మెగాహెర్ట్జ్ షిఫ్ట్‌కి సరే, 2 మీటర్లలో నిలబడవు. 50 వాట్ల మొబైల్ సెట్టుని రిపీటర్‌గా పూర్తి పవర్‌లో నడపడమూ తప్పే. ఆగకుండా పంపడానికి చేసినవి కావు. 15–20 వాట్లకి దించి ఫ్యాన్ పెట్టండి.

నెట్_కంట్రోల్:
ఇంతకీ కొత్తవాళ్లకి కావాల్సింది మర్యాద. కాల్‌సైన్ చెప్పకుండా ఊరికే నొక్కి వదలొద్దు. నొక్కాక ఒక్క సెకను ఆగి మాట్లాడండి, టోన్ గుర్తించడానికి రిపీటర్‌కి కొంచెం సమయం పడుతుంది. లేకపోతే కాల్‌సైన్‌లో మొదటి అక్షరం మింగేస్తుంది. ఎదుటివారు ఆపగానే పడిపోకండి, ఎమర్జెన్సీ పిలుపుకి సందు ఇవ్వాలి. చాలా రిపీటర్లలో 3 నిమిషాలకి టైమర్ కోసేస్తుంది.

టోన్_మాస్టారు:
కేబుల్ గొడవలో యాంటెన్నా మరిచారు. ఎస్‌ఓ-239 (కేబుల్ తగిలించే) సాకెట్ మీద 49 సెంటీమీటర్ల నిలువు కడ్డీ, నాలుగు మూలల నుంచి 51 సెంటీమీటర్ల కడ్డీలు 45 డిగ్రీలు కిందికి వంచి పెట్టండి. 50 ఓమ్‌ల దగ్గర కూర్చుంటుంది. కొంచెం పొడవుగా మొదలెట్టి కత్తిరించుకుంటూ రండి, కత్తిరించాక అతకలేరు. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) 1.5 అంటే వెనక్కి వచ్చేది 4 శాతం, దానికోసం నిద్ర మానుకోవద్దు. ఆ సాకెట్‌కి బిగించే పీఎల్-259 ప్లగ్గు నీళ్లు ఆపదు. సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు చుట్టి, కేబుల్‌ని ఇంట్లోకి రాకముందు కిందికి వంకీ తిప్పండి.

కాపర్_తీగ:
రింగులు రింగులుగా నాసిరకం కేబుల్ వేస్తే కింద మీటరులో ఎస్‌డబ్ల్యూఆర్ బాగానే కనిపిస్తుంది, అది కూడా రాయండి. వెనక్కి వచ్చే పవర్‌ని కేబులే తినేస్తుంది. కొలిచేది పైన, యాంటెన్నా కాళ్ల దగ్గర.

క్యావిటీ6:
ఆ ఒక్క మాటలో మీతో ఏకీభవిస్తాను. ఎల్‌ఎంఆర్ మీద మాత్రం కాదు.

కొత్తస్వరం:
మెనూ 13 ఖాళీగానే ఉంది. పెట్టాను, రిపీటర్ ఓపెన్ అయింది. గొంతు మాత్రం సన్నగా వస్తోందంటున్నారు.

టోన్_మాస్టారు:
మెనూ 5 (ఛానెల్ వెడల్పు) న్యారోలో ఉందేమో చూడండి. రిపీటర్ 25 కిలోహెర్ట్జ్ ఛానెల్‌ది అయితే వైడ్ పెట్టాలి. మైక్ నోటికి 5 సెంటీమీటర్ల దూరంలో, కొంచెం పక్కకి.

గాలిగోపురం:
డాబా మీద పెట్టేవరకు హ్యాండీ యాంటెన్నా మొదట్లో, సాకెట్ గ్రౌండ్ వైపుకి, 49 సెంటీమీటర్ల తీగ కట్టి వేలాడదీయండి. రబ్బరు యాంటెన్నాకి ఆ రెండో కాలే కొరత. డీఎంఆర్ గురించి వేరే అడగండి, ఇక్కడ మొదలెడితే కలర్ కోడ్ (డీఎంఆర్‌లో టోన్ లాంటి సంఖ్య) దగ్గరే రెండు పేజీలు అవుతుంది.